రెండో రోజు దిగుడు

తెప్పలపాలెం ఆసుపత్రి తెప్ప, నెలతక్కువ బిడ్డల వార్డు. డ్యూటీ పుస్తకం. రాసేది హెడ్ నర్సు నాంచారమ్మ.

నమోదు 1. శ్రావణం, మూడో రోజు

పాత పుస్తకం ఉప్పుగాలికి పేజీలన్నీ అంటుకుపోయి పనికిరాకుండా పోయింది. ఇవాళ కొత్తది తెరిచాను. కొత్త పుస్తకంలో మొదటి మాట మంచిది రాయాలని అంటారు. నాకా అదృష్టం లేదు. ఈ ఉదయం ఆరున్నరకు కనకవల్లి బిడ్డ పోయాడు.

ముప్పై రెండో వారంలో పుట్టాడు. కిలో మూడు వందల గ్రాములు. పుట్టిన రోజు పిడికిళ్లు బిగించి మా అందరినీ తిడుతున్నట్టే ఏడ్చాడు. అలా ఏడ్చే బిడ్డంటే నాకు ధైర్యం. రెండో రోజు మధ్యాహ్నానికి బీపీ దిగిపోయింది. మా వార్డులో లెక్క ఒక్కటే: ఎన్నో వారంలో పుడితే బీపీ అంకె కనీసం అంత ఉండాలి. వీడికి ముప్పై రెండు ఉండాలి, తెర మీద ఇరవై ఐదు కనిపించింది. మందు ఎక్కించాం. అంకె పెరిగింది. నాలుగో రోజు తలలో రక్తనాళం చిట్లింది. ఐదో రోజు ఇవాళ.

ఫాల్గుణం నుంచీ ఇదే వరస. పుట్టిన రోజు బాగుంటారు, రెండో రోజు దిగిపోతారు. పాలెం జనం దీనికి పేరు కూడా పెట్టేశారు, రెండో రోజు దిగుడు అని. ఇరవై రెండేళ్లుగా ఈ వార్డులో ఉన్నాను. ఇంతకుముందు ఏడాది మొత్తం మీద నలుగురైదుగురు బిడ్డలకు బీపీ మందు పెడితే గొప్ప. ఈ ఐదు నెలల్లోనే నలభై ఏడుగురికి పెట్టాం. అందులో పన్నెండుమంది ఇప్పుడు లేరు.

వాననీటి ట్యాంకు కడిగించాను. రెండు, ఐదు నంబరు ఉయ్యాలలకు గుడ్డలు మార్చాను. కనకవల్లి బిడ్డ ఉయ్యాల మార్చే ఓపిక లేక అలాగే వదిలేశాను. రేపు మారుస్తాను.

నమోదు 2. శ్రావణం, ఐదో రోజు

కనకవల్లి వార్డుకు వచ్చింది. ఇంకేదో సామాను మర్చిపోయిందనుకున్నాను. తలుపు దగ్గర నిలబడి, చీర చెంగు గుండెలకు అడ్డం పెట్టుకుని, "పాలు ఆగటం లేదండీ సిస్టరమ్మా. పారబోయడానికి చేతులు రావటం లేదు. ఎవరికైనా పనికొస్తాయా?" అంది.

మా వార్డులో పాలు చాలని తల్లులు ముగ్గురున్నారు. పనికొస్తాయమ్మా అన్నాను. గిన్నె ఇచ్చి, పరదా వేసి, నేను పక్కకు వచ్చి ముక్కు చీదుకున్నాను. ఇకనుంచి రోజూ రెండు పూటలా వస్తానంది.

నా భయం సంగతి ఇక్కడ రాసుకుంటున్నాను, ఎందుకంటే ఎవరితోనూ అనలేను. మా దగ్గర ఏ మందూ ఎవరికి తోచినట్టు వాళ్లు ఇవ్వరు. ఊళ్లు సముద్రంలో మునిగి తెప్పల మీదకు ఎక్కిన తొలి ఏళ్లలో అలా ఇచ్చే చాలామందిని పోగొట్టుకున్నాం, ఆ తర్వాతే చట్టం వచ్చింది. రెండు మందుల్లో ఏది మంచిదో తేలనప్పుడు మనిషి ఎంచుకోకూడదు, చీటీ పెట్టె ఎంచుతుంది. బీపీకి ఉన్న మందులు రెండు, డోపమైన్, డోబుటమైన్. ఒకటి పసుపు మూత సీసాల్లో వస్తుంది, ఇంకొకటి నీలం మూత సీసాల్లో. ఏ మూత కింద ఏది ఉందో నాకు తెలియదు, డాక్టరమ్మకూ తెలియదు. బిడ్డ బీపీ దిగగానే నేను పెట్టె మీట నొక్కుతాను. పసుపో నీలమో చీటీ వస్తుంది. అరవైమంది బిడ్డలు పూర్తయ్యాక మందుల మండలి వాళ్లు మొత్తం విప్పి లెక్క చూస్తారు. అప్పటిదాకా ఎవరూ లెక్క కట్టకూడదు.

నేను కట్టాను. చిన్న కాగితం జాకెట్టులో పెట్టుకుని తిరుగుతున్నాను. పసుపు ఇరవై నాలుగుమందికి, ఎనిమిదిమంది పోయారు. నీలం ఇరవై ముగ్గురికి, నలుగురు పోయారు. మీట నొక్కే వేలు నాది. పసుపు చీటీ బయటికి వస్తుంటే ఈ మధ్య తల పక్కకు తిప్పుకుంటున్నాను.

సాయంత్రం మా చెల్లెలి కూతురు మాణిక్యాన్ని పడవలో తీసుకొచ్చారు. నెలలు నిండలేదు, ముప్పై ఒకటో వారం. నొప్పులు మొదలయ్యాయి. దాని చెయ్యి పట్టుకుని ఏం కాదే అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు కాగితం నా గుండెకు గుచ్చుకుంటూనే ఉంది.

నమోదు 3. శ్రావణం, ఆరో రోజు

ఆడపిల్ల. కిలో నూట యాభై గ్రాములు. నా అరచేతిలో తల, మోచేతి మీద కాళ్లు. ఊపిరి తనే తీసుకుంటోంది. బొడ్డు నాళంలో సన్నటి గొట్టం పెట్టాం. బీపీ ముప్పై నాలుగు. ముప్పై ఒకటి ఉంటే చాలు, ముప్పై నాలుగుంది! డాక్టర్ సలోమి, అంటే మా వార్డు డాక్టరమ్మ, నా భుజం తట్టి, "నాంచారక్కా, ఇవాళైనా కడుపు నిండా తినండి," అంది. ముప్పై నాలుగేళ్ల పిల్ల, నాకు బుద్ధులు చెబుతుంది. తిన్నాను.

కనకవల్లి పాలే మొదట పట్టాం, రెండు చుక్కలు, దూదితో. మాణిక్యానికి ఇంకా పడలేదు. కనకవల్లి ఉయ్యాల దగ్గరికి వచ్చి చూసి, "గడుసుదే," అని వెళ్లిపోయింది.

దిగుడు ఎందుకొస్తోందని ఎవరిని అడిగినా ఒక కారణం చెబుతారు. నీటి నాచు పిండి వల్లంటుంది వంటామె. ఫాల్గుణంలో మారిన తాగునీటి ఫిల్టర్ వల్లంటాడు కాపలా ఆయన. తల్లులు తెప్పల చుట్టూ హద్దుగా ఉన్న పగడపు తీగ దాటి ఈత కొట్టడం వల్లంటారు ముసలమ్మలు. డాక్టరమ్మ నీళ్లు పరీక్షించింది, పిండి పరీక్షించింది, తల్లుల రక్తం పరీక్షించింది. ఏమీ దొరకలేదు. మొన్న ఆమె తన గదిలో తల పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి సర్దుకుంది.

రేపు రెండో రోజు.

నమోదు 4. శ్రావణం, ఏడో రోజు

అక్షరాలు వంకరగా ఉంటే క్షమించాలి.

పొద్దున అంతా బాగుంది. మాణిక్యం లేచి నాలుగడుగులు వేసింది. రెండో రోజు తల్లి లేచాక మా వాళ్లు చేసే పని చేశాం, ఊరి రాయి పెట్టాం. మునిగిపోయిన మన ఊళ్ల నుంచి ఎక్కేటప్పుడు ప్రతి ఇంటివాళ్లూ గడప ముక్కో, అరుగు ఇటుకో తెచ్చుకున్నారు కదా. బిడ్డ పుడితే దాన్ని కడిగి, కాచిన నీళ్లలో వేసి తీసి, ఉయ్యాల అడుగున ఉండే గుడ్డ సంచిలో పెడతాం, ఇరవై ఒకటో రోజు పేరు పెట్టేదాకా. నీళ్ల మీద పుట్టిన బిడ్డకు కింద నేల ఉందని తెలియాలని. బిడ్డ ఎంత బలహీనంగా ఉంటే రాయి అంత బరువుండాలంటారు, ఎగిరిపోకుండా పట్టి ఉంచుతుందని. ఇంటి పెద్దామె పెట్టాలి. మాణిక్యానికి పెద్దామెను నేనే. నాగాయలంకలో మా అమ్మ ఇంటి గడప ముక్క తెచ్చి పెట్టాను. మూడు కిలోలు పైనే ఉంటుంది. "బరువైందే తెచ్చావు పెద్దమ్మా," అని నవ్వింది మాణిక్యం.

మధ్యాహ్నం తెర చూశాను. ఇరవై ఆరు.

ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూశాను. ఇరవై ఆరు. గొట్టంలో గాలి బుడగ ఉందేమోనని చూశాను, లేదు. డాక్టరమ్మను పిలిచాను. ఆమె మొహం చూస్తేనే అర్థమైంది. మీట నొక్కమంది. నేను నొక్కలేదు. మళ్లీ చెప్పింది. నొక్కాను.

పసుపు.

జాకెట్టులోంచి కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను. చట్టం తప్పానని ఒప్పుకున్నాను. నీలం ఇవ్వండి డాక్టరమ్మా, మీ కాళ్లు పట్టుకుంటానన్నాను. నిజంగానే వంగాను. ఆమె నన్ను లేపి, కాగితం చదివి, మడిచి నాకే ఇచ్చేసింది.

"ఎనిమిది, నాలుగు. ఇది ఊరికే కూడా రావచ్చక్కా. బొమ్మా బొరుసూ ఎగరేసినా ఇలా పడుతుంది. నాకూ భయంగానే ఉంది. కానీ మీ పిల్ల బిడ్డకని మారిస్తే, మిగతా తల్లులకి ఏం చెప్తారు? కనకవల్లికి ఏం చెప్తారు?"

కనకవల్లి పరదా వెనకే ఉంది, గిన్నె పట్టుకుని. విన్నదో లేదో తెలియదు. నేను పసుపు మూత విప్పాను.

నమోదు 5. శ్రావణం, తొమ్మిదో రోజు

మందు పనిచేస్తోంది. ఇరవై ఆరు నుంచి ఇరవై ఎనిమిది, ముప్పై. చూసినవాళ్లందరూ గండం గడిచిందంటున్నారు. తెర బాగుంది. బిడ్డ బాగోలేదు.

నేను అంకెల మనిషిని కాను, కాళ్ల మనిషిని. ఏ బిడ్డ దగ్గరికి వెళ్లినా ముందు పాదం పట్టుకుంటాను. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు ఎంతసేపటికి ఎర్రబడుతుందో చూస్తాను. మొన్న ఒకటి అనేలోపే ఎర్రబడింది. ఇవాళ ఐదు లెక్కపెట్టాల్సి వచ్చింది. పాదాలు చల్లగా ఉన్నాయి. ఒంటేలు తగ్గింది. పుట్టిన రోజు వేలు పెడితే గట్టిగా పట్టుకున్న పిల్ల ఇవాళ పట్టుకోలేదు.

డాక్టరమ్మకు చెప్పాను. బీపీ తక్కువైతేనే కదా కాళ్లకు రక్తం అందదు అంది. ముప్పై ఒకటికి ఇంకా ఒకటి తక్కువుంది కాబట్టి మందు పెంచమంది. పెంచాను. సాయంత్రం ముప్పై రెండు చూపించింది. తల స్కాన్ తీశాం. కుడివైపు చిన్న మచ్చ. రక్తం. గోరంత కూడా లేదు, కానీ కనకవల్లి బిడ్డకూ నాలుగో రోజు మొదట అంతే ఉంది.

మాణిక్యం అడిగింది, "అంకె బానే ఉందంటున్నారుగా పెద్దమ్మా, నువ్వెందుకట్టా ఉన్నావు?" అని. నిద్ర లేదే అన్నాను. దాని జుట్టు దువ్వి జడ వేశాను, ఏదో ఒకటి చెయ్యకపోతే ఏడ్చేసేలా ఉన్నానని.

తుఫాను గాలి మొదలైంది. డాక్టరమ్మ రెండో తెప్ప మీద కాన్పుకు వెళ్లింది. అటూ ఇటూ తిరిగే తాడు పడవలు ఆపేశారు. ఇక ఆమె గొంతు వార్డు స్పీకర్‌లో వినిపించాల్సిందే.

నమోదు 6. శ్రావణం, పదో రోజు

నెమ్మదిగా రాస్తాను. ఒక్కటీ వదలకూడదు.

పొద్దున ఎనిమిదింటికి తాళ్ల ఏసోబు వచ్చాడు. గాలి పెరిగితే ఉయ్యాలల రబ్బరు తాళ్లు బిగించడం అతని పని. అల తగిలినా నెలతక్కువ బిడ్డ తలకు అదురు తగలకూడదని మా ఉయ్యాలలన్నీ సాగే తాళ్లకు వేలాడతాయి. మూడో నంబరు, మాణిక్యం బిడ్డది, గోడ స్తంభం మీది ఎర్ర గీత కన్నా బాగా కిందికి దిగి ఉంది. తాడు సాగిపోయింది, మార్చెయ్యమన్నాను. అతను తాడు పట్టి లాగి చూశాడు.

"తాడుకేం కాలేదక్కా. కింద రాయి బరువుంది కదా, దిగింది. రాయి పెడితే ఏ ఉయ్యాలైనా దిగుద్ది. కావాలంటే చూడు," అని రెండు చేతులతో ఉయ్యాల అడుగు పట్టి బెత్తెడు పైకెత్తాడు.

అప్పుడు నా కళ్లు తెర మీదున్నాయి. ముప్పై రెండు ఉన్న అంకె ముప్పై ఐదైంది, ముప్పై ఎనిమిదైంది, నలభై అయింది.

"దించు," అన్నాను. దించాడు. ముప్పై రెండు.

"ఎత్తు." నలభై.

ఉయ్యాల పక్కన నేల మీద కూర్చుండిపోయాను. ఏసోబు భయపడి నీళ్లు తెచ్చాడు.

బొడ్డులో పెట్టిన గొట్టం నిండా నీళ్లుంటాయి. ఆ నీళ్లు వెళ్లి ఒత్తిడి కొలిచే సెన్సర్‌కు తగులుతాయి. బిడ్డ గుండె, సెన్సర్ ఒకే ఎత్తులో ఉంటేనే అంకె నిజం. బిడ్డ కిందికి దిగితే, సెన్సర్ పైన ఉండిపోతే, అంకె తక్కువ చూపిస్తుంది. నర్సు చదువులో మొదటి ఏడాదే చెప్పే పాఠం ఇది. పాత సెన్సర్లు ఉయ్యాల అంచుకే తగిలించి ఉండేవి, ఉయ్యాల దిగితే అవీ దిగేవి. ఫాల్గుణంలో కొత్తవి వచ్చాయి. గోడ స్తంభానికి బిగించాం. ఎత్తు సరిచూసి ఎర్ర గీత గీసింది ఎవరో తెలుసా? నేనూ ఏసోబూ. ఖాళీ ఉయ్యాలలకు.

మొదటి రోజు రాయి ఉండదు. అంకె బాగుంటుంది. రెండో రోజు రాయి పెడతాం. దిగుతుంది.

రెండో రోజు దిగేది బిడ్డ కాదు, ఉయ్యాల.

స్పీకర్‌లో డాక్టరమ్మను పిలిచాను. చెప్పాను. "మళ్లీ ఎత్తమనండి. అంకెలు పైకి చదవండి," అంది. చదివాను. "ఇంకోసారి." చదివాను. "ఐదో నంబరు బిడ్డ?" ఐదో నంబరు కూడా అంతే, ఇరవై తొమ్మిది, ఎత్తితే ముప్పై ఆరు. అది నిన్ననే నీలం మందు మొదలైన బిడ్డ.

"అక్కా," అంది. "ముప్పై ఒకటి చాలిన పిల్లని మనం నలభైకి తోసేశాం. కాళ్లు చల్లబడింది రక్తం తక్కువై కాదు. మందుకి నాళాలు బిగుసుకుపోయి."

"ఆపెయ్యమంటారా?"

"ఒక్కసారిగా ఆపితే పడిపోద్ది. గంటకి కొంచెం తగ్గించండి. మండలి ఒప్పుకోకుండా చీటీ మందు తగ్గించకూడదని చట్టం. నేను చెప్పానని రాయండి. పుస్తకంలో నా పేరు రాయండి."

రాశాను. డాక్టర్ సలోమి చెప్పింది. నాంచారమ్మ తగ్గించింది. ఇద్దరం తప్పు చేస్తే ఇద్దరి పేర్లూ ఉంటాయి.

ఏసోబు సెన్సర్ మరలు విప్పి బెత్తెడు కిందికి దించి, బిడ్డ గుండెకు సరిగ్గా ఎదురుగా బిగించాడు. ఐదో నంబరుకూ అలాగే చేశాడు. రాయి తియ్యలేదు. ఇరవై ఒకటో రోజుకు ముందు తీస్తే బిడ్డ నిలవదని మా వాళ్ల నమ్మకం. మాణిక్యం కళ్ల ముందు ఆ పని చెయ్యలేను. చెయ్యాల్సిన అవసరమూ లేదు.

తొమ్మిదింటికి మొదటిసారి తగ్గించాను. మందు యంత్రం మీట తిప్పడానికి రెండు వేళ్లు చాలు. నాకు రెండు చేతులూ కావలసి వచ్చాయి. నా లెక్క తప్పైతే? నిజంగానే దిగుడు జబ్బు ఉండి, ఈ ఎత్తు సంగతి నా మనసు వెతుక్కున్న సాకైతే? ఈ పిల్లను బతికించుకోవాలన్న ఆశతో నేనే చంపుతుంటే? మాణిక్యం చూస్తూనే ఉంది. "మందు తగ్గిస్తన్నావా పెద్దమ్మా? బాగైపోయిందా?" అని సంబరంగా అడిగింది. తలాడించాను.

పది. ముప్పై ఎనిమిది. పదకొండు. ముప్పై ఆరు. పన్నెండు. ముప్పై నాలుగు. ఒంటిగంటకు ముప్పై రెండుకు వచ్చింది. గంటన్నర అక్కడే నిలిచి ముప్పై ఒకటైంది. ఇంకొకటి దిగితే మళ్లీ పెంచాలా? డాక్టరమ్మను అడిగాను. "కాళ్లు చూడండక్కా, మీరు కాళ్ల మనిషి కదా," అంది.

పాదం పట్టుకున్నాను. నొక్కి వదిలాను. ఒకటి, రెండు. ఎర్రబడింది.

నాలుగింటికి మందు పూర్తిగా ఆగింది. ముప్పై మూడు. ఐదింటికి గుడ్డ తడిపింది. తడి గుడ్డ మొహానికి ఆనించుకుని ఏడ్చిన నర్సు నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నమోదు 7. శ్రావణం, పన్నెండో రోజు

గాలి తగ్గింది. మాణిక్యం బిడ్డ స్కాన్ మళ్లీ తీశాం. మచ్చ పెరగలేదు. మందు లేకుండా ముప్పై ఐదు. ఈ పిల్ల బతుకుతుంది. ఈ వాక్యం రాసి పది నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత భయం వేరే దారిలో వచ్చింది. పాత పుస్తకం పేజీలు ఆవిరికి పట్టి ఒక్కొక్కటే విడదీశాను. డాక్టరమ్మా నేనూ పాతదీ కొత్తదీ కలిపి చదివాం. నలభై తొమ్మిదిమంది. రాయి ఏ పూట పెట్టారో, అంకె ఏ పూట దిగిందో. పక్కపక్కనే ఉన్నాయి, ప్రతి పేజీలో. మా చేతిరాతలోనే ఉన్నాయి. ఐదు నెలలు రోజూ రాశాం, ఒక్కరోజు కలిపి చదవలేదు.

అందులో పంతొమ్మిది రాళ్లు నా చేత్తో పెట్టినవి, ఇంట్లో పెద్దవాళ్లు లేని బిడ్డలకు. బలహీనంగా ఉన్నవాళ్లకు బరువైనవి ఏరి మరీ పెట్టాను. బలహీనమైన బిడ్డకు ఎక్కువ దిగింది. ఎక్కువ దిగిన బిడ్డకు ఎక్కువ మందు పెట్టాం.

"మరి చీటీ పెట్టె ఎందుకు పట్టుకోలేదు?" అని అడిగాను.

డాక్టరమ్మ పుస్తకం మూసింది. "అది పసుపుకీ నీలానికీ పోలిక పెట్టిందక్కా. మందుకీ, మందు ఇవ్వకపోవడానికీ పెట్టలేదు. బీపీ దిగితే ఏదో ఒకటి ఇవ్వాల్సిందేనని మనమే ముందు అనేసుకున్నాం. ఆ ప్రశ్న ఎవరం అడగలేదు." "కొందరికి నిజంగానే దిగి ఉండొచ్చు. ఎవరెవరికో ఇక ఎప్పటికీ తెలీదు," అంది.

నమోదు 8. శ్రావణం, పదిహేడో రోజు

మండలి ముద్రలు విప్పింది. పసుపు డోపమైన్. నీలం డోబుటమైన్. అంకెను త్వరగా పెంచింది పసుపు. పోయిన పిల్లలు ఎక్కువున్నదీ పసుపులోనే. కానీ అందులో జబ్బున్న బిడ్డ ఎవరో, లేని బిడ్డ ఎవరో తెలియనప్పుడు ఏది మేలని చెప్పగలం? లెక్క కొట్టేశారు. సెన్సర్లన్నీ మళ్లీ ఉయ్యాల అంచుకు తగిలించారు. ఐదు రోజుల్లో కొత్తగా ఆరుగురు నెలతక్కువ బిడ్డలు వచ్చారు. రాళ్లు పెట్టాం. ఎవరికీ దిగలేదు.

మండలి ఇంకో తీర్పు చెప్పింది. నలభై తొమ్మిది కుటుంబాలనూ పిలిచి ఈ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించాలి, దాచడానికి వీల్లేదు. న్యాయమే. కానీ గుంపులో కూర్చుని వినాల్సిన మాట కాదు కాబట్టి, ముందే ఒక్కొక్క ఇంటికీ వెళ్లి నేనే చెబుతానని అడిగాను. ఒప్పుకున్నారు.

మొదట కనకవల్లికి చెప్పాను. ఇంటికి వెళ్లక్కర్లేకపోయింది, పాలకు తనే వచ్చింది. గిన్నె నిండాక కూర్చోబెట్టి, సెన్సర్ సంగతి, ఎత్తు సంగతి, అంతా చెప్పాను. అయ్యాక, "అయితే మా వాడికి జబ్బే లేదన్నమాట," అంది.

"లేదమ్మా."

"మందు ఇవ్వకపోతే ఉండేవోడు."

"ఉండేవాడు."

ఆమె తన చేతులు చూసుకుంది. ఎందుకు చూసుకుంటోందో నాకు అర్థమైంది. "రాయి..." అంది. "మా అత్త లేదని... నేనే కదండీ..."

"నువ్వు పెట్టింది చిన్నది," అన్నాను. "బిడ్డ నీరసంగా ఉన్నాడని తర్వాత నేనే అది తీసేసి పెద్దది పెట్టాను. నీకు చెప్పలేదు. నీ రాయికి వేలెడు కూడా దిగేది కాదు."

ఆమె తలెత్తింది. అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. "మిమ్మల్నెవరు పెట్టమన్నారు? నా బిడ్డ ఉయ్యాల మీరెందుకు ముట్టుకున్నారు? మీ చేతులు పడిపోను!" అని అరిచింది. వార్డంతా విన్నది. మాణిక్యం విన్నది. నేను తల దించుకుని, అవునమ్మా, అవును అన్నాను. ఆ అరుపు బయటికి వచ్చినంతసేపూ ఆమె తన చేతుల వైపు మళ్లీ చూసుకోలేదు.

ఇప్పటికీ పాలకు వస్తోంది. గిన్నె ఆయా చేతికిస్తుంది, నా మొహం చూడదు.

పుస్తకం చదవబోయే మండలివారికి మనవి. డ్యూటీ పుస్తకంలో జరిగిందే రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ రాయి కనకవల్లే పెట్టింది. మూడున్నర కిలోలది. నేను మార్చలేదు, ముట్టుకోలేదు. మిగతాదంతా చదవండి, నా తప్పులన్నీ చదవండి. ఈ ఒక్క నమోదు, ఆమె వింటుండగా, చదవకండి.